అవసరం అని రాశాను

ముందే ఒప్పేసుకుంటే సగం పాపం పోతుందంటారు కాబట్టి చెప్పేస్తున్నాను: నేను పెంచి చెప్పే మనిషిని. నా నోట్లో పడితే చినుకు తుపానవుతుంది, గండుచీమ గున్న ఏనుగవుతుంది. మా ఇంటావిడ నా మాటను నాలుగుతో భాగించి నమ్ముతుంది. మీరు కొత్తవాళ్ళు, మెడలో విజిల్ వేసుకుని ఇప్పుడిప్పుడే గ్రౌండులో దిగుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. మీరు మూడుతో భాగించుకోండి, చాలు. ఒక్క భయం దగ్గర మాత్రం భాగహారం వద్దు. ఈ ఉదంతంలో నేను పడిన భయాన్ని ఉన్నదానికంటే తగ్గించే రాస్తున్నాను. మొత్తం రాస్తే కాగితం వణుకుతుంది.

తిరుత్తణిలో ఒక ప్రైవేటు బడిలో ఇరవై రెండేళ్ళు పీటీ మాస్టరుగా పనిచేశాను. నాకింకా యాభై మూడే. నా మోకాళ్ళకు మాత్రం ఎనభై నిండాయి. అవి రిటైరవుతుంటే వాటికి తోడుగా నేనూ అయ్యాను. బడితోపాటు అదే యాజమాన్యం నడిపే ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్‌నీ, సెక్రటరీనీ, బంతికి గాలి కొట్టేవాణ్ణీ నేనే. జీతం మాత్రం ఒక్కరిదే ఇచ్చేవారు.

మా వైపు బడి యజమానిని కరెస్పాండెంట్ అంటారు. మా కరెస్పాండెంట్‌కు ఊళ్ళో పెద్ద పలసరుకుల కొట్టు. ఆయన మీసం ఒక కొస తిరుత్తణి కొండ వైపు, రెండో కొస అరక్కోణం వైపు చూస్తుండేది. ఆయన ఎన్నడూ అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. కోపం వస్తే కళ్ళజోడు తీసేవాడు. అంతే. ఒకసారి కళ్ళజోడు తీస్తే లెక్కల మాస్టరు ఉద్యోగం పోయింది. ఇంకోసారి తీస్తే సైన్సు ల్యాబే పోయింది, ఆ గదిలో ఇప్పుడు బియ్యం మూటలున్నాయి. అందుకని ఆయనతో మాట్లాడేటప్పుడు మేమెవరమూ ఆయన మొహం చూసేవాళ్ళం కాదు, ముక్కు మీదే చూసేవాళ్ళం.

ఆయనది తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో అరవం. మాట్లాడితే తెలుగు తేనెలా వస్తుంది కానీ చదవడం రాదు, చదువంతా అరవంలోనే. చిత్తూరు నుంచి ఏ తెలుగు పెళ్ళి శుభలేఖ వచ్చినా నన్ను పిలిపించేవాడు. "మాస్టరూ, ఎవురికి ఎవురితో పెండ్లో చదివి సెప్పు" అనేవాడు. నేను చదువుతూ మధ్యమధ్య పెళ్ళికూతురికి రెండు డిగ్రీలు కలిపేవాణ్ణి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. పళ్ళిపట్టు దారిలో ఒక పల్లెనుంచి ఆరో తరగతిలో వచ్చి చేరాడు. మేం "లెఫ్టు" అని పిలిచేవాళ్ళం, ఎందుకంటే వాడికి ఉన్నది ఎడమకాలు ఒక్కటే, కుడికాలు దానికి తోడుగా నడుస్తుండేది. వచ్చినప్పుడు ఎంత సన్నగా ఉండేవాడంటే, గోల్‌పోస్టు వెనక నిలబడితే హాజరు పట్టీలో ఆబ్సెంట్ వేశాను. కరెస్పాండెంట్ వాణ్ణి చూసి ఒకే మాట అన్నాడు: "వీడికి రోజూ రెండు గుడ్లు పెట్టండి." ఆ రోజు నుంచి కొట్టు నుంచి గుడ్లు వచ్చేవి. ఏడేళ్ళు. కొండ మెట్లు మూడు వందల అరవై అయిదు. రోజూ ఉదయం వాణ్ణి వాటి మీద పరుగెత్తించేవాణ్ణి. నేను కింద టీ తాగేలోపు వాడు పైకి ఎక్కి, దిగి, నా బన్ను తినేసేవాడు.

పదిహేడేళ్ళకు వాడు కొట్టిన బంతి గోల్‌కీపర్ల చేతులకు కాదు, కలల్లోకి వెళ్ళేది. ఆ సంవత్సరం మొదటిసారి మేం జిల్లా ఫైనల్‌కు చేరాం. తిరువళ్ళూరు జట్టుతో ఆట, ఆదివారం. కరెస్పాండెంట్ అప్పటికే ఆఫీసు గోడకు షీల్డు తగిలించడానికి మేకు కొట్టించాడు. రోజూ వచ్చి ఆ ఖాళీ మేకును చూసుకునేవాడు.

సరిగ్గా ఆ వారంలోనే, సోమవారం, మద్రాసు నుంచి కాగితం వచ్చింది.

అంతకు నెల ముందు మద్రాసు శివార్లలోని పట్టాభిరామ్‌లో ఒక పెద్ద అకాడమీవాళ్ళు ఆటగాళ్ళను ఎంచుకుంటుంటే, "ఊరికే చూసి రారా" అని లెఫ్టును రైలెక్కించింది నేనే. ఊరికే చూడమంటే వాడు ఊరికే గెలిచి వచ్చాడు. అకాడమీలో సీటు ఖాయం. తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. పదిహేడు దాటితే తీసుకోరు కాబట్టి వాడికి ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది. ఒక్కటే షరతు. పెంచిన క్లబ్బు అభిప్రాయం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆటగాణ్ణి వెంటబెట్టుకుని తిరువళ్ళూరు జిల్లా ఆఫీసులో శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో అంతా అయిపోతుందని అందరూ అంటారు. నిజమే, ముద్ర ఒక్కటి మిగులుతుంది. కాగితం ఇచ్చి, అభిప్రాయం చోటు ఖాళీగా వదిలితే నాలుగు తర్వాత ఆటగాడు తనంతట తానే విడుదలైపోతాడు. "మాకు కావాలి" అని రాస్తే సంగతి కమిటీకి పోతుంది. కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. ఈలోగా ఆ సీటు ఇంకొకడిది.

ఆ కాగితాన్ని పట్టుకుని నేను రెండు రోజులు బడిలో తిరిగాను. లోపలి జేబులో పెట్టుకుంటే గుండెకు తగులుతోందని వెనక జేబులోకి మార్చాను. కూర్చోలేకపోయాను. నా భయాలు వరసగా ఇవి: కరెస్పాండెంట్‌కు చెబితే కళ్ళజోడు తీస్తాడు. చెప్పకపోతే, పట్టాభిరామ్‌కు పంపింది నేనేనని ఎవరో చెబుతారు, అప్పుడు కళ్ళజోడు విసిరేస్తాడు. లెఫ్టు పోతే ఆదివారం ఓడిపోతాం. ఇవన్నీ పైకి చెప్పుకోగల భయాలు. చెప్పుకోలేనిది ఒకటుంది. ఆ షీల్డు నాక్కూడా కావాలి. అన్నేళ్ళలో నేను పెంచినవాటిలో గెలిచింది నా పొట్ట ఒక్కటే.

బుధవారం చెప్పాను. ఆయన ముక్కు మీదే చూస్తూ చెప్పాను. కళ్ళజోడు కదల్లేదు.

"గుడ్లు మనవి, గోల్సు మద్రాసుకా?" అన్నాడు.

"అట్ల కాదయ్యా, పిల్లోడి వయసు..."

"వయసు సంగతి నాకు సెప్పబాక. ఏడేండ్లు. ఏడేండ్లు మాస్టరూ! కోడి కూడా అన్ని గుడ్లు పెట్టిందాన్ని మర్సిపోదు."

అది కోడి పక్షాన చెప్పాడో, తన పక్షాన చెప్పాడో నాకు అర్థం కాలేదు. తలూపాను. ఆయన ఎటు మాట్లాడినా తలూపడం నా ఉద్యోగంలో సగం.

ఆ సాయంత్రమే గ్రౌండులో లెఫ్టు నా పక్కన కూర్చుని గడ్డి పీకుతూ అన్నాడు: "సార్, అయ్య వద్దంటే నేను పోను. గుడ్లు తిన్నాను గదా."

"నీకు పోవాలని ఉండాదా లేదా, అది సెప్పరా."

వాడు చాలాసేపు గడ్డి పీకాడు. మా గ్రౌండులో ఉన్న గడ్డే తక్కువ, అందులో సగం ఆ సాయంత్రమే పోయింది.

"మీరు సెప్పండి సార్. మీరు పోవద్దంటే పోను, పొమ్మంటే పోతాను."

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వృత్తిలో మిమ్మల్ని కుక్క తరుముతుంది, పేరెంట్లు తరుముతారు, ఆడిట్ తరుముతుంది. కానీ ఒక పదిహేడేళ్ళవాడు తన జీవితాన్ని తెచ్చి మీ చేతిలో పెట్టి, మీ మొహంలోకి చూస్తూ కూర్చున్నప్పుడు పుట్టే భయం వేరు. "నీళ్ళు తాగి పోరా, బస్సుకు టైమయింది" అని మాత్రం అన్నాను.

బస్టాండులో వాడి తల్లి నన్ను పట్టుకుంది. చెరకు కొట్టే కూలికి వెళ్ళే మనిషి. కొడుకును తీసుకుపోవడానికి పళ్ళిపట్టు బస్సులో వచ్చింది. "నాకు ఈ బంతాట తెల్దు సార్. వాడు నిద్దట్లో కాళ్ళు ఇదిలిస్తా ఉండాడు, తన్నులు తినేది నేను. నెల రోజులుగా మరీ ఎక్కువైంది. యాడికో పోవల్లని కాళ్ళకు తెలిసినట్టుండాది. మీరు సదువుకున్నోళ్ళు, ఏదో ఒకటి సెప్పి పంపించండి సార్. ఈడనే ఉంటే ఈడనే, పోతే పోనీ. నడిమద్దెన నిలబెట్టబాకండి."

గురువారం ఉదయం కరెస్పాండెంట్ గది. బల్ల మీద ఆ కాగితం, ముద్ర, సిరా డబ్బా. పక్కన ఒక నిమ్మకాయ, ఆదివారం ఆటకు ముందు బంతి కింద పెట్టి తొక్కించడానికి. క్లబ్బు కమిటీ మెంబర్లు ఇద్దరు గోడవార కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళు నా కలం కేసి చూస్తున్న చూపులు ఆపరేషన్ చూడ్డానికి వచ్చినవాళ్ళ చూపుల్లా ఉన్నాయి. జిల్లా ఆఫీసు ఉత్తర్వు ప్రకారం కాగితం అరవంలోనే నింపాలి. "క్లబ్బు అభిప్రాయం" అనే చోట ఇచ్చిన గడి, చీమ పడుకుంటే కాళ్ళు బయటికి వచ్చేంత ఉంది.

"ఏం రాయమంటారయ్యా?"

మెంబర్లలో ఒకాయన, "'ఈ పిల్లగాడు మా జట్టుకు ప్రాణం, వీణ్ణి ఇడిసేది లేదు' అని రాయి సార్" అన్నాడు.

"గడిలో పట్టదన్నా" అన్నాను.

కరెస్పాండెంట్ మేకు కేసి చూశాడు. తర్వాత నా కేసి చూశాడు. "ఒకే మాట రాయి మాస్టరూ. అవసరం. అంతే. ఎక్కువ రాస్తే ఎక్కువ కొచ్చెన్లు అడుగుతారు."

కలం గడి మీద పెట్టాను. చెయ్యి ఎంత వణికిందంటే మొదటి అక్షరానికి తోక మొలిచింది. ఆయన చెప్పిన తెలుగు మాటను అరవ అక్షరాల్లో ఉన్నదున్నట్టు దించాను. సంతకం పెట్టాను. ఆయన కాగితం తన వైపు తిప్పుకున్నాడు. కళ్ళజోడు సరిగ్గా పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటను ఒక అధ్యాయం చదివినంత సేపు చదివాడు. నాకు చెమట చొక్కా దాటి బెల్టు దాకా వచ్చింది. చివరికి ముద్రను సిరాలో అద్ది, దాని మీద రెండు చేతులూ పెట్టి నొక్కాడు.

"ఎత్తుకోని పో. పిల్లోణ్ణి పిల్చుకోని పో. ఏం రాసినామో వాడికి సెప్పబాక, ఆట మీద మనసు ఇరిగిపోతాది."

శుక్రవారం ఉదయం తిరుత్తణి స్టేషన్లో లెఫ్టు ఒక పసుపు గుడ్డసంచితో వచ్చాడు. లోపల తడి గుడ్డతో తుడిచిన బూట్లు.

"ఎందుకురా ఇవి?"

"క్లబ్బు బూట్లు గదా సార్. ఒకవేళ పంపిస్తే ఇచ్చేసి పోవల్ల. పంపించకుంటే యేసుకోని ఎనక్కి రావల్ల. రెండిటికీ పనికొస్తాయని తెచ్చినాను."

"నీ ఎడమకాలు సైజు జిల్లాలో ఇంకెవడికీ లేదు, లోపల పెట్టు" అని కసిరాను.

కవరు అంటించడం మరచిపోయాను. కడంబత్తూరు దాటాక చూస్తే వాడు ఆ కాగితం బయటికి తీసి చదువుతున్నాడు. వాడికి అరవం తప్ప వేరే చదువు రాదు. గుండె రైలు దిగి పక్క పట్టాల మీద పరుగెత్తింది. వాడు కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితాన్ని చూశాడు.

"సార్, ఇది..."

"ఏం, తప్పులుండాయా?"

"లేదు సార్. సరిగ్గానే ఉండాది." మడిచి కవర్లో పెట్టి, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు రెండు చేతులతో ఒళ్ళో పట్టుకున్నాడు. ఆ తర్వాత తిరువళ్ళూరు దాకా ఇద్దరం కిటికీలోంచి చెరొక వైపు చూశాం.

జిల్లా ఆఫీసులో మేడం ముందర కాగితాల కట్ట తిరుత్తణి కొండంత ఉంది, మెట్లు మాత్రం లేవు. మా కాగితం అందులో అట్టడుగుకు పోయింది. మూడు గంటలు నిలబడ్డాం. మూడున్నరకు ఆవిడ ఎందుకో ఆ కట్ట తిరగేసింది. మా గడి కేసి చూసి, ఒక్కసారిగా నా మీద లేచింది.

"ఎన్న సార్, అవసరమ్‌ను పోట్టిరుక్కు! మున్నాడియే సొల్ల కూడాదా?"

అంటే: తొందర అని రాసి ఉందే, ముందే చెప్పకూడదా అని. మన తెలుగులో అవసరం అంటే కావలసింది. అరవంలో అదే మాటకు తొందర అని అర్థం. ఎదురింటివాళ్ళ కుక్కకూ మన కుక్కకూ ఒకే పేరున్నట్టు. "వీడు మాకు కావాలి" అని మా క్లబ్బు పంపిన మాట, ఆ బల్ల మీదికి చేరేసరికి "వీణ్ణి తొందరగా పంపండి" అయి కూర్చుంది.

నేను చెయ్యి ఎత్తాను. నోరు తెరిచాను. "మేడం... తణ్ణి ఇరుక్కా?" అని మాత్రం వచ్చింది. ఆవిడ నీళ్ళ బాటిల్ నా ముందుకు తోసి, ఇంకో చేత్తో ధన్‌మని స్టాంపు వేసింది. సంతకం ఉంది, ముద్ర ఉంది, పైగా పెంచిన క్లబ్బే తొందరపడుతోంది. ఇంకేం కావాలి? నెల పట్టే పని నేను మూడు గుటకలు మింగేలోపు అయిపోయింది. నాలుగు కాలేదు. లెఫ్టు ఆ బల్లకు దణ్ణం పెట్టాడు, మేడంకు పెట్టాడు, ఫ్యానుకు కూడా పెట్టాడు. నాకు పెట్టబోతే వెనక్కి జరిగాను.

వాడు అటునుంచి అటే మద్రాసు రైలెక్కాడు. శనివారం ఉదయమే అకాడమీలో చేరాలి. నేను ఇటు ఎక్కాను. తిరుత్తణి దాకా రైలు ఎంత నెమ్మదిగా పోవాలని మొక్కుకున్నానంటే, అది ఆ రోజే టైముకు చేరింది.

గ్రౌండులో జట్టంతా ఉంది, కమిటీ ఉంది, మధ్యలో కరెస్పాండెంట్. జరిగింది చెప్పాను. మెంబర్లలో ఒకాయన, "వీణ్ణి పన్లోంచి తీసేయండన్నా!" అని లేచాడు. నేను ముక్కు మీద చూస్తున్నాను. కరెస్పాండెంట్ చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. దాన్ని పైకి ఒకసారి తోసుకుని దిగింది.

"ఇరవై ఏండ్లు ఈ నేల ఉప్పు తిని, అరవంలో అవసరం అంటే ఏందో తెల్దా మాస్టరూ? కావల్లంటే 'తేవై' అని రాయల్ల గదా! రేపట్నుంచి నెల రోజులు ఒకటో క్లాసు పిల్లకాయల పక్కన కూర్సోని అరవం నేర్సుకో. అదే నీకు శిక్ష."

గ్రౌండు గ్రౌండంతా నవ్వింది. నవ్వినవాళ్ళు ఉద్యోగాలు పీకరు కాబట్టి మెంబరు కూడా కూర్చున్నాడు.

ఆదివారం ఓడిపోయాం. నా లెక్క ప్రకారం పదకొండు గోల్స్, స్కోరుబోర్డు ప్రకారం మూడు. మేకు ఖాళీగానే ఉండిపోయింది, తర్వాత దానికి క్యాలెండర్ తగిలించారు. నెల రోజులు ఒకటో క్లాసు బెంచీలో మోకాళ్ళు చెవులకు ఆనించుకుని కూర్చున్నాను. నా పక్క పాప నా పలకలో తప్పులు దిద్దేది. ఆ రోజునుంచి తిరుత్తణిలో నా పేరు "అవసరం సార్". టీకొట్టు దగ్గర కూడా, "సార్‌కు టీ అవసరమా, అవసరమా?" అని రెండుసార్లు అడిగి నవ్వుతారు.

లెఫ్టు పెద్ద స్టారేమీ కాలేదు. వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బులో ఆడుతున్నాడు. తొంభై నిమిషాల్లో అరవై బెంచీ మీదే ఉంటాడని వాడే చెబుతాడు. ఒకసారి ఆ క్లబ్బు మారాలనుకుని నాకు ఫోన్ చేశాడు: "సార్, వీళ్ళు గుడ్లు పెట్టలేదు గానీ, నాకు భయంగానే ఉండాది." ఆ భయం ఉన్నంతకాలం నాకు వాడి గురించి భయం లేదు. వచ్చినప్పుడల్లా నేరుగా కొట్టుకు వెళ్ళి కరెస్పాండెంట్ కాళ్ళకు దణ్ణం పెడతాడు. ఆయన, "ఎవుర్రా నువ్వు?" అని, వాడు పేరు చెప్పకముందే లోపలికి కేకేసి గుడ్లు ఉడకబెట్టిస్తాడు.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. మీసం నిజం. కొండంత కాగితాల కట్ట నిజం, కొండనే కాస్త తగ్గించుకోండి. ఒకటో క్లాసు బెంచీకి నా మోకాళ్ళే సాక్ష్యం. కల్పించింది ఒక్కటే: మాటను ఉన్నదున్నట్టు దించానన్నానే, అది. ఏమీ తోచక, తెలియక రాసినట్టు మీరు నమ్మేలా చెప్పాను, ఊరు నమ్మేలా చెప్పినట్టే. నాకు మాటలు వచ్చిన నాటినుంచీ రెండు భాషలూ వచ్చు. ఆ గడి మీద కలం పెట్టినప్పుడు 'తేవై' అన్న మాట నాలుక చివర నిలబడి ఉంది. అవసరానికి ఉన్న రెండు అర్థాలూ రెండు కళ్ళలా నన్ను చూస్తున్నాయి. షీల్డు గుర్తొచ్చింది, వాడి తల్లి గుర్తొచ్చింది. తెలిసే రాశాను. చెయ్యి వణికింది అందుకే. కవరు అంటించకపోవడం కూడా మతిమరుపు కాదు; వాడికి చెప్పొద్దన్నారు గానీ, చదవనివ్వొద్దని అనలేదు.

ఇన్నేళ్ళకు దీన్ని బయటపెడుతున్నానంటే ధైర్యం వచ్చిందని కాదు. తెలుగులో రాస్తున్నాను గనక. కరెస్పాండెంట్‌గారికి తెలుగు చదవడం రాదు.

ఈ వాక్యం రాసి, కలం పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగాను. మళ్ళీ చదువుకున్నాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. వచ్చింది అరవం ఒక్కటే. ఆ గురువారం కళ్ళజోడు సరిచేసుకుని అంతసేపు ఆయన చదివింది అరవంలోనే. ముద్ర నొక్కింది ఆ తర్వాత. అసలు ఆ మాట రాయమన్నదే ఆయన.

వెళ్ళి అడుగుదామని రెండుసార్లు కొట్టు దాకా పోయాను. కళ్ళజోడు తీస్తాడేమోనని భయమేసి, పావుకిలో కందిపప్పు కొనుక్కుని తిరిగొచ్చాను.